"నేను చూడనిది చూసినట్టు రాయను": ఒక ల్యాబ్ రికార్డు కేసు

స్టూడెంట్ కౌన్సెలర్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నిద్ర పట్టడం లేదనో, చదివింది గుర్తుండట్లేదనో, ఇంట్లో మాట వినట్లేదనో వస్తారు. మనసులో ఏదో తప్పు చేసిన బరువు ఉందని ముందే చెప్పేవాళ్ళు చాలా తక్కువ. ఈ కేసు కూడా తలనొప్పితోనే మొదలైంది. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. తనని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. మూడు నెలల్లో ఏడు సిట్టింగులు జరిగాయి, ఆ తర్వాత అయిదు నెలలకి ఒకసారి కలిశాం.

డిగ్రీ మొదటి సంవత్సరం, సైన్స్. వయసు 18. బుధవారం రాత్రి తలనొప్పి మొదలవుతుంది, గురువారం పొద్దున కడుపులో తిప్పుతుంది, సాయంత్రానికి రెండూ మాయం. డాక్టర్ పరీక్షలు చేసి ఏమీ లేదన్నారట. గురువారం ఏముంది అని అడిగితే "ప్రాక్టికల్స్" అంది, అని ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. కాసేపటికి బ్యాగులోంచి రికార్డు తీసి, మూల మడిచి పెట్టుకున్న ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం. నీట్‌గా గీసిన పట్టిక, కింద ఎర్ర ఇంకుతో టిక్కు, పదికి పది, పక్కన "చాలా బాగుంది" అని లెక్చరర్ రాసిన మాట.

"ఇందులో ఒక్క రీడింగ్ కూడా మేం తీసింది కాదు మేడమ్."

జరిగింది ఇదీ. ల్యాబ్‌లో నలుగురిది ఒక బ్యాచ్. తీసిన రీడింగులు అటూ ఇటూ ఉన్నాయి, టైమ్ అయిపోతోంది. ఒకతను సీనియర్ రికార్డు ఫోటో గ్రూపులో పెట్టాడు. ఫలితం తెలుసు కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి, అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చి అందరూ రాసుకుందాం అన్నాడు. ఈ అమ్మాయి వద్దంది. బ్యాచ్‌లో తనకి దగ్గర స్నేహితురాలు కూడా మొదట "అవునే, నాకూ నచ్చట్లేదు" అంది. తర్వాత మిగతా ఇద్దరూ నవ్వి, "హరిశ్చంద్రుడి చెల్లెళ్ళు ఇద్దరు దొరికారురా మనకి" అనేసరికి ఆ స్నేహితురాలు తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలకి ఈ అమ్మాయి కూడా రాసింది. పదికి పది వచ్చాయి. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న చాలా సంతోషపడ్డారట.

"నేను పిరికిదాన్నా మేడమ్?" అని అడిగింది.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, రాయకుండా ఉండలేను. "అలా అనుకోకు, ఇక్కడిదాకా వచ్చి చెప్పావంటే నీకు ఎంతో ధైర్యం ఉన్నట్టు" అన్నాను. తను తలూపి రికార్డు మూసేసింది. ఆ రోజు ఇంక ఏమీ మాట్లాడలేదు. అడిగిన ప్రశ్న నిజంగా తెలుసుకోవాలని అడిగింది, నేను ఓదార్పు చేతిలో పెట్టి పంపేశాను. ఎదుటి మనిషి తన గురించి కష్టమైన ప్రశ్న వేసుకుంటున్నప్పుడు దాన్ని చల్లార్చడం సాయం కిందికి రాదు. ఇన్నేళ్ళ పని తర్వాత కూడా ఇది నాకు మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకోవాల్సి వస్తోంది.

రెండోసారి వచ్చినప్పుడు ఆ ప్రశ్న దగ్గరికే వెళ్ళాం. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగం తనకి చెప్పాను. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు, మూడింట్లో ఏది మొదటి గీతంత పొడవు ఉందో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. గదిలో ఏడెనిమిది మంది విద్యార్థులు ఉంటారు, కానీ వాళ్ళలో ఒక్కడే నిజంగా పరీక్షకి వచ్చినవాడు, మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెబుతారు. మొత్తం 18 సార్లు అడిగితే 12 సార్లు అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. ఒంటరిగా కూర్చోబెడితే వందకి ఒక్క తప్పు కూడా రాని ఆ పనిలో, గుంపు మధ్య కూర్చున్నప్పుడు మూడింట ఒక వంతుకి పైగా జవాబులు గుంపు వైపు వెళ్ళిపోయాయి. దాదాపు నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. కాగితం మీద ఆ గీతలు గీసి చూపించాను, తను స్కేలు తీసి కొలిచింది కూడా.

"ఒక్క మనిషి నిజం చెబితే?" అంది.

దాన్నీ ఆష్ పరీక్షించాడు. ఆ గుంపులో సరైన జవాబు చెప్పే మనిషి ఇంకొకడు ఉంటే చాలు, లొంగిపోవడం ఆరు శాతం లోపుకి పడిపోయింది. ఇది చాలామందికి తెలిసిన సంగతే. తను అడిగిన తర్వాతి ప్రశ్న మాత్రం నన్ను ఎవరూ అడగనిది: "ఆ తోడు ఉన్నవాడు మధ్యలో వాళ్ళ వైపు వెళ్ళిపోతే?"

ఇదీ చేశారు. తోడుగా ఉన్నవాడు సగంలో గుంపు వైపు తిరిగిపోతే, ఒక్కసారిగా తప్పులు మళ్ళీ పైకి లేచి 28 శాతం దాటాయి. అదే తోడు ఏదో పని ఉందని గదిలోంచి లేచి వెళ్ళిపోతే అంతగా పెరగలేదు. అంటే అతను లేకపోయినా అతను ఇచ్చిన ధైర్యం కొంత మిగిలింది, కానీ ఎదురు తిరిగితే అది కూడా పోయింది. ఇది విని తను చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. "అయితే నేను పడిపోయింది వాళ్ళు నవ్వినప్పుడు కాదు, అది తల వంచుకుని రాయడం మొదలుపెట్టినప్పుడు" అంది. పిరికితనమా కాదా అన్న ప్రశ్న దానంతటదే పక్కకి జరిగింది. ఏ క్షణంలో కాలు జారిందో మనిషికి తెలిస్తే ఆ చోట ఏం చేయాలో ఆలోచించుకోవచ్చు. పిరికిదాన్ని అన్న పేరు పెట్టుకుంటే ఇంక చేసేదేమీ ఉండదు.

మూడో సిట్టింగ్‌లో అసలు అలా రాయకూడదన్న ఈ నియమం నీకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. "నాన్న చెప్పారు, అబద్ధం ఆడకూడదని." మరి నాన్న చెప్పకపోయి ఉంటే? తనకి కోపం వచ్చింది. ఇదేం ప్రశ్న మేడమ్ అంది. కానీ నేను వదల్లేదు, ఎందుకంటే ఈ వయసు పిల్లల్లో నేను తరచుగా చూసేది ఇదే. 1966లో జేమ్స్ మార్షియా అనే సైకాలజిస్టు యువత తమ గుర్తింపును ఏర్పరచుకునే తీరును నాలుగు స్థితులుగా విడదీశాడు. వాటిలో ఒకటి, తాను వెతక్కుండా, ప్రశ్నించకుండా పెద్దవాళ్ళు ఇచ్చినదాన్ని అలాగే పట్టుకుని నిలబడటం. బయటి నుంచి చూస్తే ఈ పిల్లలు చాలా స్థిరంగా కనిపిస్తారు. కానీ ఆ నమ్మకం వాళ్ళ చేతులతో తడిమి చూసుకున్నది కాదు. అందుకే "ఎందుకు" అని ఎవరైనా గట్టిగా అడిగితే నోట మాట రాదు. ఆ రోజు ల్యాబ్‌లో "దీనివల్ల ఎవరికి నష్టం, చెప్పు" అని ఒకతను అడిగితే తన దగ్గర జవాబు లేదు. నాన్న చెప్పారని అక్కడ అనడం కుదరదు కదా.

వారం ఆగి వచ్చింది. ఒక చిన్న కాగితం మీద ఒకే వాక్యం రాసుకొచ్చింది. నేను చూడనిది చూసినట్టు రాయను.

అబద్ధం ఆడకూడదు అన్నది చాలా పెద్ద మాట. దాన్ని మోయడం కష్టం, రోజూ ఎక్కడో ఒకచోట ఓడిపోతాం, ఓడిపోయిన ప్రతిసారీ ఎలాగూ పోయిందిలే అనిపిస్తుంది. ఈ వాక్యం చిన్నది, ల్యాబ్ టేబుల్ మీద పెట్టుకుని వాడుకోవచ్చు. ఎందుకు అంటే కూడా తన దగ్గర ఇప్పుడు సొంత జవాబు ఉంది: "చూడనిది రాస్తే ఆ రోజు నేను ల్యాబ్‌కి వెళ్ళినట్టే కాదు మేడమ్. నేను ఏం నేర్చుకున్నానో నాకే తెలియదు." నాన్న మాటకి ఇది వ్యతిరేకం కాదు, కానీ ఇది తనది.

తర్వాత పని సాధన. పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచి చేసిన పరిశోధనల్లో ఒక సంగతి బాగా నిలిచింది: "నేను ఇలా ఉండాలి" అని అనుకోవడం కంటే "ఫలానాది జరిగితే నేను ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్నవాళ్ళు అనుకున్నది ఎక్కువగా చేయగలుగుతారు. కాబట్టి గ్రూపులో మళ్ళీ ఫోటో వస్తే ఏం అంటావు అని అడిగి, ఆ ఫోటో పెట్టే అబ్బాయిగా నేను నటించాను. మొదటిసారి తను నాకు పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. నిజాయితీ, చదువు విలువ, దేశం, అన్నీ వచ్చాయి. నటిస్తున్న నాకే ఒళ్ళు మండింది, ఇంక వాళ్ళ సంగతి చెప్పాలా! కత్తిరించాం. రెండోసారి గొంతు వణికింది. నాలుగోసారికి ఇలా కుదిరింది: "నా రికార్డులో నేను తీసిన రీడింగులే రాస్తాను. మీరు ఏం రాసుకుంటారో మీ ఇష్టం. తేడా ఎందుకు వస్తోందో చూడ్డానికి గురువారం అరగంట ముందు వస్తా, ఎవరైనా వస్తే బాగుంటుంది."

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. నలుగురూ కలిసి తీసిన రీడింగులు ఒకటే అయినప్పుడు, తన రికార్డు ఒకలా, మిగతా ముగ్గురివి ఇంకోలా ఉంటే లెక్చరర్ కంటికి అది కనపడుతుంది. తన నిజం వాళ్ళని పట్టిస్తుంది. ఇది తనే లేవనెత్తింది, దీని మీద ఒక సిట్టింగ్ అంతా గడిచింది. వెళ్ళి లెక్చరర్‌కి చెప్పేయాలా? చెప్పకుండా తన పని తాను చేసుకోవాలా? చివరికి తను అనుకున్నది ఏమిటంటే, వాళ్ళకి ముందే చెబుతుంది, వెనక చాటున చేయదు, తానుగా వెళ్ళి ఎవరి మీదా చెప్పదు, కానీ లెక్చరర్ సూటిగా అడిగితే అబద్ధం చెప్పదు. ఇది సరిపోదని, తప్పు తెలిసీ ఊరుకోవడం కూడా తప్పేనని వాదించే తోటి కౌన్సెలర్లు ఉన్నారు, వాళ్ళ మాటలో బలం ఉంది. నేను మాత్రం తన వైపే. పద్దెనిమిదేళ్ళ పిల్ల తన నియమాన్ని ముందు తన మీద నిలబెట్టుకోవడం నేర్చుకోవాలి, ఇతరుల మీద ప్రయోగించడం తర్వాత సంగతి.

ఆ తర్వాతి గురువారం లోలకం ప్రయోగం. దారానికి గోళం కట్టి ఊపుతారు, 20 డోలనాలకి ఎంత సేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తారు, దారం పొడవు మారుస్తూ మళ్ళీ చూస్తారు, దాన్నిబట్టి గురుత్వ త్వరణం లెక్క కడతారు. రావాల్సింది 9.8. వీళ్ళకి సగటున 9.5 వచ్చింది. ఫోటో మామూలుగానే గ్రూపులోకి వచ్చింది. తను సాధన చేసిన మూడు వాక్యాలూ అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒప్పుకోలేదు కూడా. వాళ్ళు ముగ్గురూ వేరే బెంచీకి వెళ్ళి రాసుకున్నారు. తను ఒక్కతే కూర్చుని తన రీడింగులు దించుకుంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు గ్రాఫ్ పేపర్ తెచ్చింది. నాకు ఫిజిక్స్ అంతంత మాత్రం, తనే చెప్పింది. దారం 50 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 9.42 వచ్చింది, పొడవు పెంచుతూ పోతే మధ్యలో ఒకటి కాస్త వెనక్కి జారినా మొత్తం మీద పెరుగుతూ 100 దగ్గరికి 9.61 అయింది. "చేతి పొరపాటైతే అటూ ఇటూ గెంతాలి మేడమ్, ఇది ఒకే వైపు నడుస్తోంది." ఇంటికెళ్ళి పొడవుకీ, డోలన కాలం వర్గానికీ గ్రాఫ్ గీసింది. సరళరేఖ వచ్చింది, కానీ అది సున్నా దగ్గర కలవాల్సింది పోయి, పొడవు అక్షాన్ని సున్నాకి రెండు సెంటీమీటర్లు ఎడమ పక్కన తాకింది. ఆ రెండు సెంటీమీటర్లు ఏమిటా అని రాత్రంతా ఆలోచించి, మర్నాడు ల్యాబ్ తెరిపించి వెర్నియర్ కాలిపర్స్‌తో గోళాన్నీ, పైన ఉన్న కొక్కేన్నీ కొలిచింది. కొక్కెం పొడవు, గోళం వ్యాసార్ధం కలిపితే దాదాపు రెండు సెంటీమీటర్లు. అందరూ దారం పొడవే కొలిచారు, గోళం మధ్యబిందువు దాకా కొలవలేదు! గ్రాఫ్ వాలు నుంచి లెక్క కడితే, ఆ తప్పుతో సంబంధం లేకుండా 9.8కి బాగా దగ్గరగా వచ్చింది.

ఆ గ్రాఫ్ చూపిస్తున్నప్పుడు తన వేలు ఆ గీత వెంబడి పోయి అక్షాన్ని తాకే చోట ఆగింది, అక్కడ పెన్సిల్‌తో చిన్న సున్న చుట్టి ఉంది. అన్ని వారాల్లో మొదటిసారి తన ముఖంలో ఆ బుధవారం నీడ లేదు. 9.8 అని అన్ని గడుల్లోనూ నింపేసి ఉంటే ఈ గీత సున్నా దగ్గరే చక్కగా కలిసేది, కొక్కెం సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

నాకు లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్త గుర్తొచ్చి చెప్పాను. గాలి నుంచి తీసిన నత్రజని, అమ్మోనియా నుంచి తీసిన నత్రజని కంటే రవ్వంత బరువుగా ఉండటం ఆయన గమనించాడు. ఆ తేడాని కప్పేయకుండా 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాసి, దీనికి కారణం ఎవరికైనా తోస్తే చెప్పమని అడిగాడు. రెండేళ్ళకి, విలియం రామ్సేతో కలిసి, గాలిలో అప్పటిదాకా ఎవరూ గుర్తించని ఆర్గాన్ అనే వాయువు ఉందని తేల్చారు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి, ఒకరికి ఫిజిక్స్‌లో, ఇంకొకరికి కెమిస్ట్రీలో. తనకి నోబెల్ కంటే ఆ ఉత్తరం సంగతే ఎక్కువ నచ్చింది. "నాకు తెలియట్లేదు అని అంత పెద్దాయన పేపర్లో రాశాడా?" అని రెండుసార్లు అడిగింది.

కథ ఇక్కడితో సుఖాంతం అయిపోలేదు. ఆ రికార్డుకి తనకి పదికి ఏడే వచ్చాయి. పట్టికలో పొడవులు తప్పు కాబట్టి మార్కులు పోయాయి. గ్రాఫ్ బాగుందని లెక్చరర్ నోటితో చెప్పారు. మిగతా ముగ్గురికీ తొమ్మిదేసి వచ్చాయి. రికార్డుల్లో తేడా గురించి ఆయన ఏమీ అడగలేదు.

ఇంకో ఇబ్బంది నేను ముందే ఊహించి ఉండాల్సింది. ఆరోసారి వచ్చేసరికి తను మారిపోయి ఉంది. క్లాసులో అందరూ గొర్రెలే, ఎవరికీ సొంత బుర్ర లేదు, లెక్చరర్‌కి కూడా తెలియదు అని మాట్లాడుతోంది. ప్రతి రీడింగ్ పక్కన ఎంత పొరపాటు ఉండే అవకాశం ఉందో రాయమని ఆయన చెబితే, "నేను చూసిందే రాశాను, ఇంకా ఏంటి?" అని వాదించిందట. నాకు భయం వేసింది. గుంపు అవునంటే కాదనడం కూడా గుంపు చేతిలో ఉండటమే, తాడు ఇటు కాకుండా అటు లాగుతున్నారంతే. "నీ కళ్ళు చూసిందే రాశావు సరే, నీ కళ్ళు పొడవుని తప్పు చూశాయి కదా, అది నీకు ఎలా తెలిసింది?" అని అడిగాను. గ్రాఫ్ చెప్పింది అంది. అంటే నిన్ను నువ్వు అనుమానించుకునే పద్ధతి ఒకటి పెట్టుకున్నావు కాబట్టి తెలిసింది అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తన కాగితం తీసి మొదటి వాక్యం కింద ఇంకోటి రాసుకుంది. నేను చూసింది ఇంకొకరికి చూపిస్తాను.

ఆ వారమే ఒక రాత్రి, ఫోటో పెట్టే అబ్బాయి తనకి విడిగా మెసేజ్ పెట్టాడు. నాకూ అలా రాయడం ఇష్టం ఉండదు, కానీ మిగతావాళ్ళకి అది మామూలే అనుకున్నాను, అని. స్నేహితురాలు కూడా అదే మాట ఇంకోలా చెప్పింది. 1993లో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ ప్రిన్స్‌టన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇలాంటిదే. క్యాంపస్‌లో తాగుడు అలవాట్లు చాలామందికి లోపల ఇబ్బందిగానే ఉన్నా, మిగతావాళ్ళకి తమకంటే తక్కువ ఇబ్బంది అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఈ బ్యాచ్‌లో కనీసం ముగ్గురికి నచ్చని పని, నలుగురికీ ఇష్టమైన పనిలా నడిచింది. నేను ఈ అధ్యయనం చెప్పినప్పుడు తన మొహంలో గెలిచిన సంతోషం లేదు, "వాళ్ళని గొర్రెలన్నాను మేడమ్" అంది.

అయినా స్నేహితురాలితో మునుపటిలా లేదు. మాట్లాడుకుంటారు, పక్కపక్కన కూర్చోరు. దాన్ని నేను బాగుచేయడానికి ప్రయత్నించలేదు, తను అడగలేదు కూడా. నాలుగో అబ్బాయి ఇప్పటికీ ఫోటోలు చూసే రాస్తాడట. బుధవారం తలనొప్పులు లోలకం ప్రయోగం తర్వాత తగ్గుముఖం పట్టి, ఏడో సిట్టింగ్ నాటికి ఆగిపోయాయి. సెమిస్టర్ పరీక్షల ముందు ఒకసారి తలనొప్పి వచ్చింది గానీ, అది మామూలు టెన్షన్ అని తనే గుర్తుపట్టింది.

అయిదు నెలల తర్వాత కలిసినప్పుడు అదే రికార్డు తెచ్చింది. మూల మడిచిన పేజీ అలాగే ఉంది, ఎర్ర ఇంకు టిక్కు, పదికి పది. దాని ఎదురుగా ఖాళీగా ఉండే పేజీలో ఒక కాగితం అతికించి ఉంది. ఖాళీ అవర్‌లో ల్యాబ్‌కి వెళ్ళి కటకం ప్రయోగం మళ్ళీ చేసింది, ఈసారి నిజంగా, ఒక్కతే. రీడింగులు అటూ ఇటూ ఉన్నాయి, ప్రతి దాని పక్కన పొరపాటు ఎంత ఉండొచ్చో రాసింది, కొట్టివేతలు కూడా అలాగే ఉంచింది. లెక్చరర్‌కి చూపించావా అని అడిగాను. ఇంకా లేదంది. చూపిస్తే ఆ పది మార్కులు పోవచ్చు, మిగతా ముగ్గురి పదీ కూడా పోవచ్చు, వాళ్ళతో ముందు మాట్లాడాలి అంది. వచ్చే గురువారం ల్యాబ్ అయ్యాక ముగ్గుర్నీ ఉండమని చెప్పిందట, ఇద్దరు సరేనన్నారు.